పాత అడ్రసు బిల్లు పుస్తకం

జూన్ 4

డైరీ కొనలేదు. అటక మీద ప్రెస్సు నాటి బిల్లు పుస్తకాలు, వాడనివి, ఇంకా పద్నాలుగు ఉన్నాయి. ఒకవైపు అచ్చు, వెనకవైపు తెలుపు. వెనక రాసుకుంటే సరిపోయేదానికి డబ్బు పోసి కొనడం దేనికి? మా ఆవిడ నన్ను ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి అంటుంది. అననీ. తోలితే రాలే మెతుకులు నావి.

రాయడం ఎందుకంటే, ఇవాళ వచ్చిన ఫోను సంగతి ఎవరితోనూ అనబుద్ధి కాలేదు. ఎవడో చాలా మర్యాదగా మాట్లాడాడు.

"సార్, సోదర ముద్రణాలయం ఓనరు మీరేనా? మీ ప్రెస్సుకు రావలసిన సొమ్ము ఒకటి ఎవరూ అడక్కుండా గవర్నమెంటు దగ్గర పడుంది సార్. ఎవరిచ్చిందో, ఎలా తెచ్చుకోవాలో మేం చెప్తాం. వచ్చినదాంట్లో ముప్పై శాతం మాకిస్తే చాలు."

"నా సొమ్ము సంగతి నాకు చెప్పడానికి నీకు ముప్పై శాతమా?" అన్నాను.

"మేం చెప్పకపోతే మీకు వంద శాతం పోయినట్టే కదా సార్."

ఫోను పెట్టేశాను. ప్రెస్సు మూతబడి తొమ్మిదేళ్ళయింది. దానికి ఇంకా ఎవరు బాకీ ఉంటారు?

జూన్ 5

ముప్పై శాతం! పట్టపగలు దోపిడీ.

జూన్ 7

కడుపులో దాచుకోలేక ఆవిడకు చెప్పాను. ఆవిడ తన ఫోను తీసి అయిదు నిమిషాల్లో పట్టేసింది. ఇలాంటి సొమ్ముల పట్టిక గవర్నమెంటువాళ్ళే పెట్టారట. సంస్థ పేరు కొడితే వస్తుంది, పైసా ఖర్చు లేదు. ఆ ముప్పై శాతంవాడు అమ్మబోయింది ఇదన్నమాట.

"ఇదిగో, చూడండి," అని ఫోను నా ముఖం మీద పెట్టింది. కుడికన్ను పొర వల్ల నాకు సరిగా కనబడలేదు. ఆవిడే చదివింది. సోదర ముద్రణాలయం. ఇవ్వవలసినవారు, మందుల కంపెనీ. లక్షా ఎనభై నాలుగు వేల ఆరు వందలు.

ఆవిడ చదవడం ఆపి నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

ఆ అంకె నాకు నోటికి వచ్చు. ఇరవై ఒక్క ఏళ్ళుగా వచ్చు. అది మా అన్నయ్య తిన్న డబ్బు.

జూన్ 8

ఇది వేరే బిల్లు అయ్యుంటుంది. ఆ కంపెనీకి మేం ఎన్ని లేబుళ్ళు వేయలేదు.

జూన్ 9

రేపో ఎల్లుండో ఆఫీసుకు వెళ్ళాలి. అక్కడ తడబడకుండా చెప్పడానికి జరిగినది జరిగినట్టు రాసి పెట్టుకుంటున్నాను.

ప్రెస్సు ఇద్దరిదీ, సగం సగం. కంపోజింగు, అచ్చు, బిల్లులు నావి. ప్రూఫులు దిద్దడం, పార్టీల దగ్గర వసూళ్ళు అన్నయ్యవి. మందుల కంపెనీకి ఏడాది సరిపడా లేబుళ్ళు వేశాం. అంత పెద్ద పని మాకు ముందూ లేదు, తర్వాతా లేదు. కాగితానికి అప్పు తెచ్చాం. మూడు నెలలైనా డబ్బు రాలేదు. నేను ఫోను చేస్తే వాళ్ళ అకౌంటెంటు, "చెక్కు ఇచ్చేశాం కదండీ, మా పుస్తకంలో చెల్లు రాసేశాం," అన్నాడు. చెక్కు మా బ్యాంకులో పడలేదు. వసూళ్ళు చూసేది అన్నయ్య. అదే నెలలో వదినకు కొత్త కుట్టుమిషను వచ్చింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

"కంపెనీకి వెళ్ళి కనుక్కొస్తానురా," అన్నాడు అన్నయ్య. కనుక్కునేదేముంది, దొంగను దొంగతనం గురించి కనుక్కురమ్మంటామా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది, ఒప్పుకుంటాను. కానీ ఆయన గట్టిగా తిరగబడనూ లేదు. తప్పు లేనివాడైతే తిరగబడడా? ఎర్ర పెన్సిలు జేబులో పెట్టుకుని, ప్రూఫుల కట్ట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత పదమూడేళ్ళు ఎవరిదో ప్రెస్సులో రోజుకూలికి ప్రూఫులు దిద్దాడు. పోయి నాలుగేళ్ళయింది.

నేను వీధిలో కరపత్రం కూడా పంచాను. అది వేరే సంగతి. ఆఫీసులో దాంతో పనిలేదు.

జూన్ 11

నాలుగో నంబరు కిటికీ. మూడు గంటలు నిలబెట్టారు. లోపల ఉన్న గుమాస్తాకు నా కూతురి వయసుంటుంది. ఫైలు తిరగేస్తూ నాతో మాట్లాడింది, మాట్లాడుతూ ఇంకెవరికో ముద్రలు వేసింది.

వేరే బిల్లు కాదు. అదే.

చెక్కు రాశారు, రిజిస్టరు పోస్టులో పంపారు. "ఈ చిరునామాలో ఈ పేరుగలవారు లేరు" అని పోస్టుమాన్ రాసి వెనక్కి పంపాడు. కవరు వెళ్ళి వాళ్ళ బీరువాలో పడింది. అకౌంటెంటు తన పుస్తకంలో చెల్లు రాసుకున్నాడు, కవరు తిరిగొచ్చిన సంగతి అతనికి చెప్పినవాడు లేడు. మరుసటి ఏడాది కంపెనీ మూతబడింది. బీరువాలో తేలిన బాకీలన్నీ గవర్నమెంటుకు అప్పజెప్పారు.

"అయితే చెక్కు ఎవరూ తీసుకోలేదా?" అన్నాను.

"కవరు చింపనే లేదండీ. ఇదిగో, అతికించినట్టే ఉంది."

"ఎవరూ?"

"చెప్తున్నాగా బాబాయిగారూ," అంది విసుగ్గా.

కావలసినవి: ఆనాటి బిల్లు నకలు, భాగస్వామ్యం పత్రం, ఇద్దరు భాగస్వాముల సంతకాలు, ఒకరు పోయి ఉంటే వారి వారసుల సంతకం. సొమ్ము అప్పట్లో ఎందుకు అందలేదో సొంత రాతలో వివరణ.

కవరు మీద అడ్రసు చదవమన్నాను. అదే వీధి, ఆరో నంబరు. మేం అప్పటికి ఏడాది కిందటే ఆరో నంబరు ఖాళీ చేసి ఎదురు వరసలో పంతొమ్మిదికి మారాం. వాళ్ళు పాత అడ్రసుకు పంపారు, ఎవడో కొత్త పోస్టుమాన్ ఎదురు వరసలో అడక్కుండానే తిప్పి పంపాడు. ఆ అకౌంటెంటు సచ్చినోడి తప్పు. వాడి వల్ల ఇంత జరిగింది.

జూన్ 12

ఆ ఏడాది బిల్లుల నకళ్ళు అన్నీ ఉన్నాయి, ఆ నెలది తప్ప. పొద్దున్నుంచి అటక మీదే ఉన్నాను. తుమ్ములు. ఆ ఒక్క పుస్తకమే లేదంటే ఎవరు తీసుకెళ్ళినట్టు? ప్రూఫుల కట్టలో పెట్టుకుపోయి ఉంటాడు. తప్పు లేనివాడికి ఆ పుస్తకంతో ఏం పని?

చెక్కు తినలేదు, సరే. అది ఇప్పుడు తెలిసింది. అప్పుడు నాకెలా తెలుస్తుంది? నా స్థానంలో ఎవరున్నా అలాగే అనుకునేవాళ్ళు.

ఆయన వెళ్ళిపోయిన ఏడాదికి రెండుసార్లు మా ఇంటికి వచ్చాడు. మొదటిసారి నేను ఇంట్లో లేను. రెండోసారి నిద్రపోతున్నాను. డబ్బు సాయానికి వచ్చి ఉంటాడు.

జూన్ 15

కళ్ళ డాక్టరు ఇక ఆగొద్దంటున్నాడు. ఖర్చు చెప్పాడు. సొమ్ములో నా సగం వస్తే అందులోంచి చేయించుకుంటానని ఆవిడకు చెప్పాను. "వదిన సంతకం లేకుండా ఏది వస్తుంది?" అంది. "వెళ్ళండి. మిమ్మల్ని కరవదు."

జూన్ 18

వెళ్ళాను.

మేడ మీద రెండు గదులు. మెట్లు ఇరవై రెండు, లెక్కపెడుతూ ఎక్కాను. తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన అదే కుట్టుమిషను, చక్రం మీద రంగు పోయింది. ఒకవైపు పాత బట్టల కుప్ప, ఇంకోవైపు కుట్టినవి మడతపెట్టి వరసగా. వదిన నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. నన్ను చూసి ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. అన్నీ తీశాక, "కూర్చోండి," అంది.

మీరు అంటోంది. నేను లాగూలు వేసుకునే రోజుల్లో మా ఇంటికొచ్చిన మనిషి. "నా పెద్దకొడుకు నువ్వేరా" అనేది.

విషయం చెప్పాను. చెక్కు వెనక్కి పోయిందనీ, ఎవరూ తీసుకోలేదనీ, తప్పు కంపెనీవాళ్ళదనీ. ఒకే ఊపిరిలో చెప్పేశాను. సంతకం పెడితే సగం సొమ్ము ఆమెదని కూడా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతుందనీ, ఏడుస్తుందనీ, నన్ను తిడుతుందనీ అనుకుంటూ వెళ్ళాను. ఏదీ జరగలేదు.

"తప్పు కంపెనీది కాదు," అంది.

మిషను కింది సొరుగు లాగి, బట్టలో చుట్టిన బిల్లు పుస్తకం తీసి నా ముందు పెట్టింది. ఒక పేజీ దగ్గర దారం ఉంది. మందుల కంపెనీ బిల్లు, నకలు కాగితం. నా చేతిరాత. పైన అచ్చులో సోదర ముద్రణాలయం, నంబరు ఆరు. ఆ ఆరు చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా. పక్కన మార్జిన్లో చిన్న గీత. ప్రూఫులో తప్పు దొరికితే ఆయన గీసే గీత.

"మీరు కొత్త అడ్రసు ముద్ర వేయడం మర్చిపోయారు," అంది.

నేను కళ్ళ మీద నెపం పెట్టి కాగితాన్ని చాలాసేపు దగ్గరగా పట్టుకున్నాను.

"ఆయన వెళ్ళిపోయిన ఏడాదికి ప్రూఫుల కట్ట విప్పితే అందులో కనబడింది. కంపెనీ అప్పటికే మూతబడింది. డబ్బు రాదని ఆయనకు తెలుసు. మీకు చూపిస్తే చాలన్నారు. రెండుసార్లు మీ గుమ్మందాకా వచ్చారు."

"నేను ఇంట్లో లేను వదినా."

"అలాగా," అంది. మళ్ళీ గుండుసూదులు నోట్లో పెట్టుకుంది.

జూన్ 19

ఈ కాగితాన్ని ఇవాళ తిప్పి చూశాను. రెండు వారాలుగా దీని వెనకే రాస్తున్నాను. సోదర ముద్రణాలయం, నంబరు ఆరు.

మారినప్పుడు ఇలాంటి పుస్తకాలు నలభై మిగిలాయి. పారేసి కొత్తవి వేసుకుందామన్నాడు అన్నయ్య. "ప్రెస్సు పెట్టుకుని పాత అడ్రసు బిల్లులేమిట్రా, నవ్విపోతారు," అన్నాడు. ఊళ్ళోవాళ్ళందరికీ కొత్త కాగితాలు వేసిచ్చే మేము మా కాగితం దగ్గర కక్కుర్తిపడ్డాం. మేము కాదు, నేను. చెక్కముక్కకు రబ్బరు అతికించి పంతొమ్మిది నంబరు ముద్ర నేనే తయారుచేశాను. ప్రతి బిల్లు మీదా పాత అడ్రసు కొట్టేసి ముద్ర వేసేవాణ్ణి. అన్నిటికీ వేశాను. ఒక్కదానికి వేయలేదు.

నలభై పుస్తకాల కాగితం ఖరీదు ఇప్పుడు లెక్క కట్టాను. కట్టి కొట్టేశాను.

జూన్ 23

మళ్ళీ వెళ్ళాను. సంతకం కోసమే. సొమ్ము మొత్తం ఆమెకే ఇస్తానన్నాను. నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు, మెట్లు దిగేటప్పుడు కళ్ళ ఆపరేషను గుర్తొచ్చింది.

"నా సగం నాకు చాలు. అది ఆయన కష్టం," అంది వదిన. "సంతకం పెడతాను. కానీ ముందు ఇంకో పని ఉంది."

సొరుగులోంచి కాగితం తీసింది. చూడకుండానే నాకు తెలుసు. నేను వేసిన కరపత్రం. "ఖాతాదారులకు మనవి. మా అన్నగారికి ఇకమీదట ఈ ప్రెస్సుతో ఏ సంబంధమూ లేదు. ఆయన చేతికి డబ్బు ఇవ్వరాదు. ఇచ్చినచో మా బాధ్యత కాదు." పెద్ద అక్షరాలు, చుట్టూ నల్ల అంచు. వంద వేశాను. వీధిలో కొట్టుకొట్టుకూ నేనే ఇచ్చాను.

"ఇదే సైజు, ఇవే అక్షరాలు. ఆయన తీసుకోలేదని వేయండి. ఏ కొట్లలో పంచారో ఆ కొట్లలోనే పంచండి."

"ఇరవై ఏళ్ళయింది వదినా. ఎవరికి గుర్తుంటుంది?"

"నాకుంది."

జూన్ 24

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాలింది నా చేతులా?

జూన్ 27

పెద్ద మిషను ఎప్పుడో తుక్కు కింద అమ్మేశాను. ప్రూఫులు తీసే చిన్న చేతిమిషను మాత్రం వెనక గదిలో ఉంది, రెండు అరల అక్షరాలూ ఉన్నాయి. తూకానికి మంచి ధర రాలేదని అమ్మలేదు.

ఎడమ కంటితో, వేళ్ళతో తడుముకుంటూ ఆరు వరసలు కూర్చడానికి రోజంతా పట్టింది. ఒకప్పుడు పావుగంట పని. మా ఆవిడ లైటు పట్టుకుని నిలబడింది. ఒక్కమాట కూడా అనలేదు, ఆమెకది ఎంత కష్టమో నాకు తెలుసు.

వేసింది ఇది: "ఖాతాదారులకు మనవి. మందుల కంపెనీ సొమ్ము విషయమై మా అన్నగారిపై గతంలో వచ్చిన అనుమానము సరికాదు. చిరునామాలో పొరపాటు జరిగినందున సదరు సొమ్ము అందలేదు. గమనించగలరు."

బాగా కుదిరింది. ప్రూఫు వదినకు చూపించాలి.

జూన్ 29

వదిన కళ్ళజోడు పెట్టుకుని నిలువుగా, అడ్డంగా చదివింది. ఎర్ర పెన్సిలు తీసింది. ఆయనదే, బొటనవేలంత మిగిలింది.

రెండు చోట్ల సున్నా చుట్టింది. "వచ్చిన అనుమానము" చుట్టూ ఒకటి. "పొరపాటు జరిగినందున" చుట్టూ ఒకటి.

"ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది. "ఎవరికి జరిగింది?"

ప్రూఫు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంత ప్రాణం తీస్తే సొమ్మూ వద్దు, సంతకమూ వద్దు అనుకుంటూ దిగాను. మెట్లు ఇరవై రెండు.

జూలై 1

"మందుల కంపెనీ సొమ్ము మా అన్నగారు తీసుకోలేదు. బిల్లు మీద కొత్త చిరునామా వేయడం నేను మరిచాను. నా తప్పు ఆయనపై వేశాను. సొమ్ము నేటికీ గవర్నమెంటు వద్ద ఉంది."

కింద నా పేరు. వదిన చదివింది. "ఇప్పుడు తప్పులు లేవు," అంది. ఫారం తీసుకుని చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. మిషను మీద ఎవరిదో చొక్కా కాలరు సగంలో ఉంది. నేను లేచేలోపే దాని పనిలో పడిపోయింది.

జూలై 4

వంద వేశాను. అప్పుడు కాగితాలు పంచిన కొట్లు నలభై మూడు. ఇప్పుడు వాటిలో పదకొండు ఉన్నాయి. మిగతావి ఫోన్ల కొట్లూ, మందుల కొట్లూ అయ్యాయి. అక్కడి కుర్రాళ్ళకు మేమెవరమో తెలియదు. ఒకడు కాగితం అటూ ఇటూ తిప్పి, "డిస్కౌంటు ఎంత సార్?" అన్నాడు.

గడియారాల ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని చదివాడు. "నాకు తెలుసులేవయ్యా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీ అన్న తీసుకోలేదని. తీసుకునే మనిషా?"

నోటుపుస్తకాల కొట్టు ముసలాయన దగ్గర కూర్చున్నాను, కాళ్ళు లాగుతుంటే. వదిన కుట్టుమిషను సంగతి ఆయనే ఎత్తాడు. అది వాయిదాల మీద తీసుకున్నదట. హామీ ఉన్నది ఆయనేనట. రెండేళ్ళు ప్రతి నెలా అన్నయ్య వచ్చి వాయిదా కట్టి వెళ్ళేవాడట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అడిగావా? దొంగ అని అచ్చేసి మరీ తెచ్చావు. అచ్చయినదానికి ఇక అడిగేదేముందిలే అనుకున్నాం," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మేమెవరం నమ్మలేదురా. నీ కాగితంలో పొట్లాలు కట్టుకున్నాం," అన్నాడు.

పదకొండు కొట్లలోనూ అదే మాట. వీధి మొత్తంలో ఆ కరపత్రం నమ్మింది దాన్ని వేసిన నేనొక్కణ్ణే.

జూలై 5

ఏమీ రాయలేదు.

ఆగస్టు 21

సొమ్ము వచ్చింది. వివరణ కాగితంలో వదిన సరేనన్న వాక్యాలే రాసిచ్చాను. గుమాస్తా చదివి నా వంక ఒకసారి చూసి ముద్ర వేసింది. నా సగంలోంచి కంటి ఆపరేషను చేయించుకుని, కట్టు విప్పాక వదిన సగం పట్టుకెళ్ళాను. తీసుకుని, దేనికోసం వచ్చానో అది అయిపోయిందన్నట్టు నిలబడింది.

"వస్తుంటాను వదినా," అన్నాను.

"మీ ఇష్టం," అంది.

ఆగస్టు 24

ఈ పుస్తకంలో ఇదే చివరి కాగితం. కుడికన్ను శుభ్రంగా కనబడుతోంది. కూర్చుని మొదట్నుంచీ చదివాను, అన్నయ్య చదివినట్టు, ఒక్కొక్క వాక్యం. చాలాచోట్ల సున్నాలు చుట్టాల్సినవి ఉన్నాయి. అన్నీ దిద్దే ఓపిక లేదు. ఒక్కటి దిద్దుతాను. జూన్ 12వ తేదీది.

మొదటిసారి నేను ఇంట్లోనే ఉన్నాను. రెండోసారి నిద్రపోలేదు. రెండుసార్లూ కిటికీ రెక్క సందులోంచి చూశాను. ఆయన తలుపు కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టి, "ఒరే, ఒక్క నిమిషంరా," అన్నాడు. ఆవిడ తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన చంకలో బిల్లు పుస్తకం ఉంది. ఒక పేజీ దగ్గర దారం వేలాడుతోంది. డబ్బు అడగడానికి వచ్చేవాడు బిల్లు పుస్తకం తెచ్చుకోడు. అది నాకు అప్పుడే తెలుసు.

అందుకే తీయలేదు.